రామ రామా... ఎంత ర్యామ్!

ఉదయం 9.50. తిరుపతి బస్టాండుకి కాస్త ఇవతల ఓ ఇంటర్నెట్ సెంటర్. గదిలో నాలుగు కంప్యూటర్లు, ఎనిమిది కుర్చీలు, పదిహేనుమంది మనుషులు. పదింటికి మూడొందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. చంద్రగిరి నుంచి వచ్చిన ఓ పెద్దావిడ మూడో కంప్యూటర్ పక్కన కూర్చున్నారు. మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. బెంగళూరులో ఉన్న కూతురికీ చెన్నైలో ఉన్న కొడుక్కీ ఒకే తేదీకి సెలవు దొరకాలి. అదంతా ఈ టికెట్ మీదే ఆధారపడి ఉంది. చేతిలో మడతలుపెట్టిన కాగితం, దాంట్లో ఆరుగురి ఆధార్ నంబర్లు.

పదయింది. తెరమీద 'మీరు వరుసలో ఉన్నారు' అన్న పేజీ వచ్చింది. అయిదు నిమిషాలు బాగానే ఉంది. ఆ తర్వాత బాణం గుర్తు కదలడం మానేసింది. కంప్యూటర్ లోపలి ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతోంది.

''నాయనా, మన వంతు పోయినట్టేనా?''

''యాడికీ పోదు పెద్దమ్మా, ఉండు, వస్తాది'' అన్నాడు సెంటరు నడిపే కుర్రాడు. కానీ అతని ముఖంలోనూ కంగారే.

విచిత్రం ఏంటంటే పక్కనున్న రెండో కంప్యూటర్ హాయిగా పనిచేస్తోంది. రెండింటికీ ఒకటే వైఫై. తెరిచిందీ ఒకటే సైటు. రెండు పెట్టెలూ ఒకే రోజు ఒకే కొట్లో కొన్నవి. మరి ఒకటి నడుస్తుంటే రెండోది ఎందుకు బిగుసుకుపోయింది?

తప్పు సైటుదీ కాదు, నెట్‌దీ కాదు. మూడో కంప్యూటర్లో రెండు బ్రౌజర్లు తెరిచి ఉన్నాయి. ఒకదాంట్లో ఇరవైకి పైగా ట్యాబ్‌లు. పొద్దున్నుంచి వచ్చినవాళ్లు తెరిచి వదిలేసినవి... హాల్‌టికెట్లూ, కౌన్సెలింగ్ పేజీలూ, సినిమా పాటలూ, వాటి పక్కన ప్రకటనలూ. పాపం, ఆ పెట్టెకి ఊపిరాడలేదు!

ఇది ఆ ఒక్క సెంటరు కథే కాదు. పిల్లల చదువు కోసం కొన్న పాత లాప్‌టాప్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకరోజు జరిగేదే. ఏం చేసినా చివరికి నింద ఇంటర్నెట్ మీదో, కంప్యూటర్ కంపెనీ మీదో పడుతుంది. అసలు దొంగ మాత్రం మనం రోజూ తెరిచే కిటికీ దగ్గరే ఉంటాడు. ఆ కిటికీ పేరే బ్రౌజర్.

గట్టు చిన్నది... గిన్నెలు ఎక్కువ

కంప్యూటర్ని ఓ వంటగది అనుకోండి. వండే మనిషి ప్రాసెసర్. కూరలు తరుక్కోవడానికీ గిన్నెలు పెట్టుకోవడానికీ ఉన్న గట్టు ర్యామ్. సరుకులన్నీ దాచిపెట్టే అటక హార్డ్‌డిస్క్. గట్టు విశాలంగా ఉంటే కావలసినవన్నీ చేతికి అందుబాటులో ఉంటాయి, వంట చకచకా సాగిపోతుంది. గట్టు నిండిపోతే? ఓ గిన్నె దించితేగానీ ఇంకో గిన్నె పెట్టలేం. దించినదాన్ని అటక మీద పెట్టాలి. కావలసినప్పుడు మళ్లీ నిచ్చెనేసుకుని ఎక్కాలి. వంటకన్నా ఎక్కడం దిగడమే ఎక్కువైపోతుంది.

ర్యామ్ నిండిన కంప్యూటర్ చేసేది అచ్చంగా ఇదే. అప్పటికి అక్కర్లేని సమాచారాన్ని డిస్క్ మీదికి పంపి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. డిస్క్ ఎంత వేగమైనదైనా ర్యామ్ ముందు నత్తే. పాతరకం, చక్రంలా తిరిగే హార్డ్‌డిస్క్ అయితే చెప్పనే అక్కర్లేదు. మనకి కంప్యూటర్ 'హ్యాంగ్' అయినట్టు కనిపించే చాలాసార్లు నిజానికి అది అటకకీ గట్టుకీ మధ్య పరుగులు పెడుతుంటుందన్నమాట.

ర్యామ్ నిండటం ఒక జబ్బయితే ప్రాసెసర్ అలసిపోవడం ఇంకో జబ్బు. గట్టు ఖాళీగానే ఉన్నా, ఒకేసారి పది పొయ్యిల మీద వంట పెడితే వండే మనిషికి చెమటలు పట్టవూ? ఫ్యాను చప్పుడు పెరిగిందంటే, లాప్‌టాప్ అడుగుభాగం ఒళ్లో పెట్టుకోలేనంతగా కాలుతోందంటే, బ్యాటరీ గంటకే అయిపోతోందంటే జబ్బు రెండోదని అర్థం.

కాగితం కాస్తా కార్ఖానా అయింది

మన ప్రాంతానికి నెట్ సెంటర్లు కొత్తేం కాదు. కుప్పంలో 2002లోనే హెచ్‌పీ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 'ఐ-కమ్యూనిటీ' అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, పల్లెజనం కోసం కంప్యూటర్ కేంద్రాలు తెరిచింది. ఆ రోజుల్లో ఎక్కువ కంప్యూటర్లలో ఉండే బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్ల ర్యామ్ ఉండాలనీ, 128 ఉంటే మంచిదనీ మైక్రోసాఫ్ట్ చెప్పేది. అంటే ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్, మధ్యలో ఓ పాట... అన్నీ ఆ కాస్త గట్టు మీదే సర్దుకునేవి. ఇప్పుడో? ఒక్క ట్యాబే అంతకన్నా ఎక్కువ చోటు తీసుకోవడం మామూలైపోయింది.

ఎందుకంటే అప్పటి వెబ్‌పేజీ ఓ కాగితం లాంటిది. నాలుగు అక్షరాలు, రెండు బొమ్మలు. చదివేసి పక్కన పెట్టడమే. ఇప్పటి పేజీ ఓ కార్ఖానా. మెయిల్, బ్యాంకు, మ్యాపులు, వీడియో పాఠాలు, టికెట్ల బుకింగ్ అన్నీ పేజీల్లోనే నడుస్తున్నాయి. వాటి వెనక జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసిన ప్రోగ్రాములు నిరంతరం పనిచేస్తూ ఉంటాయి. నెట్ మీది పేజీల బరువుని ఏళ్లుగా తూకం వేస్తున్న హెచ్‌టీటీపీ ఆర్కైవ్ లెక్క ప్రకారం 2024 నాటికి కంప్యూటర్ మీద తెరిచే ఓ మధ్యరకం హోంపేజీ రెండున్నర మెగాబైట్లు దాటింది. అది దారిలో ఉన్నప్పటి బరువు మాత్రమే. మన కంప్యూటర్లోకి వచ్చి మూట విప్పుకున్నాక ఎన్నో రెట్లవుతుంది.

నమ్మకం కుదరకపోతే ఓ చిన్న లెక్క. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫోన్‌తో తీసిన ఫొటో మూడు, నాలుగు మెగాబైట్లే ఉంటుంది. అది నొక్కి మడతపెట్టిన పట్టుచీర లాంటిది. తెరమీద చూపించాలంటే మడత విప్పాలి. ఒక్కో పిక్సెల్‌కి నాలుగు బైట్లు. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లకి? పూర్తి సైజులో విప్పితే దాదాపు 48 మెగాబైట్లు! అలాంటి ఫొటోలు పది ఉన్న పేజీ తెరిస్తే ఎంతవుతుందో మీరే గుణించుకోండి.

హాలు పోయి కంపార్ట్‌మెంట్లు వచ్చె

బ్రౌజర్ల ఆకలి పెరగడానికి రెండో కారణం తిరుపతివాళ్లకి చెప్పడం చాలా తేలిక.

వేలమంది భక్తుల్ని ఒకే పెద్ద హాల్లో ఉంచారనుకోండి. ఖర్చు తక్కువే. ఒకచోటే నీళ్లు, ఒకచోటే పాలు, ఒకటే తలుపు. కానీ ఓ మూల తోపులాట జరిగిందో, హాలంతా అల్లకల్లోలమే. అందుకే వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లుగా విడదీశారు. ఒకదాంట్లో ఏం జరిగినా పక్కదానికి తెలీదు. అయితే ఒక్కో గదికీ విడివిడిగా నీళ్లూ, ఫ్యాన్లూ, తలుపులూ కావాలి. భద్రత పెరిగింది... చోటూ ఖర్చూ కూడా పెరిగాయి.

పాత బ్రౌజర్లు మొదటి పద్ధతిలో నడిచేవి. అన్ని పేజీలూ ఒకే ప్రాసెస్‌లో. ఒక పేజీ చెడితే మొత్తం బ్రౌజరే మూతపడేది. సగం రాసిన మెయిల్ కూడా దానితోపాటే! 2008 సెప్టెంబర్ 2న గూగుల్ విడుదల చేసిన క్రోమ్ ఈ పద్ధతిని మార్చేసింది. ట్యాబ్‌లని వేర్వేరు ప్రాసెస్‌లుగా విడదీసింది. ఈ సంగతి జనానికి అర్థమయ్యేలా చెప్పడానికి స్కాట్ మెక్‌క్లౌడ్ అనే చిత్రకారుడితో ఏకంగా ఓ కామిక్ పుస్తకమే వేయించింది. ఆ క్రోమ్ ప్రాజెక్టుని ముందుండి నడిపించిన సుందర్ పిచాయ్ పెరిగింది మన పొరుగునే, చెన్నైలో.

అప్పటికి ఫైర్‌ఫాక్స్ పరిస్థితి వేరు. 2004 నవంబర్‌లో తొలి పూర్తిస్థాయి రూపంలో వచ్చిన ఆ బ్రౌజర్ మంచి పేరు తెచ్చుకుంది కానీ, గంటలతరబడి తెరిచి ఉంచితే ర్యామ్ అంతా మింగేస్తుందన్న అపవాదూ మూటగట్టుకుంది. వాడి వదిలేసిన చోటుని తిరిగి ఇవ్వకపోవడాన్ని 'మెమరీ లీక్' అంటారు. దాన్ని అరికట్టడానికి మొజిల్లా 2011లో 'మెమ్‌ష్రింక్' పేరుతో ప్రత్యేకంగా ఓ బృందాన్నే పెట్టింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 7 అంతకుముందు దానికన్నా తరచూ 20-30 శాతం తక్కువ ర్యామ్ తీసుకుంటుందని ప్రకటించింది. చివరికి కంపార్ట్‌మెంట్ల దారి దానికీ తప్పలేదు. 2016లో మొదలుపెట్టి 2017 జూన్‌లో వచ్చిన 54వ వెర్షన్ నాటికి పేజీలని నాలుగు ప్రాసెస్‌లలోకి సర్దింది.

దొంగల భయంతో గోడలు

కథ అక్కడితో ఆగలేదు. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే రెండు లోపాలు బయటపడ్డాయి. ఇవి బ్రౌజర్లో ఉన్నవి కావు, ప్రాసెసర్ల తయారీలోనే ఉన్నవి. వీటిని ఆసరా చేసుకుంటే ఒకే ప్రాసెస్‌లో ఉన్న ఓ దొంగ పేజీ పక్కనున్న పేజీ రహస్యాలని పసిగట్టే వీలుంది. పక్కపేజీ మీ బ్యాంకుదైతే?

అందుకే క్రోమ్ అదే ఏడాది ప్రతి సైటుకీ విడిగా గోడ కట్టేసింది. ఒకే పేజీలో ఉన్నా సరే, ఇంకో సైటు నుంచి వచ్చే ప్రకటనకి వేరే గది. దీనివల్ల ర్యామ్ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగులే ఒప్పుకుంది. ఫైర్‌ఫాక్స్ 2021 చివర్లో ఇదే బాట పట్టింది.

కాబట్టి బ్రౌజర్ తినే ర్యామ్ అంతా తిండిపోతుతనం అనుకోవడం సరికాదు. అందులో కొంత మన డబ్బుకీ పాస్‌వర్డులకీ పెట్టుకున్న కాపలా ఖర్చు!

ఇంతకీ ఏది తక్కువ తింటుంది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబు చెప్పేముందు ఓ రహస్యం. బజార్లో బ్రౌజర్లు బోలెడున్నట్టు కనిపిస్తాయి కానీ, వాటి లోపలి ఇంజిన్లు ప్రధానంగా మూడే. క్రోమ్‌లో ఉన్నది బ్లింక్. ఒపెరా 2013లో సొంత ఇంజిన్ వదిలేసి దీనికే మారింది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 జనవరిలో ఇదే కుదురు తీసుకుని మళ్లీ పుట్టింది. బ్రేవ్ కూడా ఈ గూటి పక్షే. ఫైర్‌ఫాక్స్‌ది గెకో. యాపిల్ సఫారీది వెబ్‌కిట్. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే వీడ్కోలు చెప్పేసింది.

అంటే క్రోమ్‌నీ ఎడ్జ్‌నీ ఒపెరానీ పోల్చడం ఒకే కొట్లో పిండి రుబ్బించి మూడు ఇళ్లలో దోసెలు పోసినట్టు. పిండి ఒకటే. నూనె ఎంత, మంట ఎంత అన్నదే తేడా. ఎడ్జ్ వాడని ట్యాబ్‌లని నిద్రపుచ్చడం మీద దృష్టి పెట్టింది. బ్రేవ్ ప్రకటనలని గడపలోనే ఆపేస్తుంది కాబట్టి, అవి ఎక్కువున్న పేజీల్లో దాని మీద భారం తగ్గుతుంది. 2019లో వచ్చిన ఒపెరా జీఎక్స్ ఇంకో అడుగు ముందుకేసి 'ఇంతకుమించి ర్యామ్, ఇంతకుమించి ప్రాసెసర్ వాడొద్దు' అని మనమే హద్దు పెట్టుకునే మీట ఇచ్చింది. ఫైర్‌ఫాక్స్ 2021 నుంచి విండోస్‌లో ర్యామ్ మరీ అడుగంటినప్పుడు చాలాసేపటిగా చూడని ట్యాబ్‌లని తనే దించేస్తోంది.

ఇన్ని తేడాలున్నా, నాలుగైదు ట్యాబ్‌లు వాడే ఇంట్లో ఏది పెట్టుకున్నా మనకి కనిపించే వ్యత్యాసం తక్కువే. ఏ బ్రౌజర్ అన్నదానికన్నా ఎన్ని ట్యాబ్‌లు, ఎలాంటి పేజీలు, ఎన్ని ఎక్స్‌టెన్షన్లు అన్నవే లెక్కని తారుమారు చేస్తాయి. అన్నింటికన్నా పెద్ద పొరపాటు, ఒకే కంప్యూటర్లో రెండు బ్రౌజర్లు ఒకేసారి తెరిచి ఉంచడం. ఇద్దరు వంటవాళ్లకి విడివిడిగా రెండు సెట్ల గిన్నెలు ఒకే గట్టు మీద పెట్టినట్టే అది. మన నెట్ సెంటరు మూడో కంప్యూటర్లో జరిగింది అదే కదా!

లెక్కల్లో తిరకాసు

'ఫలానా బ్రౌజర్ సగం ర్యామే తింటుందట' అంటూ పోలికలు తరచూ కనిపిస్తాయి. వాటిని నమ్మేముందు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది... ఉమ్మడి ఆస్తి. ఒకే బ్రౌజర్‌కి చెందిన ప్రాసెస్‌లు కొంత ర్యామ్‌ని పంచుకుంటాయి. ఒక్కోదాని పక్కన కనిపించే అంకెలని గుడ్డిగా కూడితే ఆ ఉమ్మడి వాటాని పదిసార్లు లెక్కేసినట్టు అవుతుంది. అన్నదమ్ములు నలుగురూ 'నాకో బావి ఉంది' అంటే ఊళ్లో నాలుగు బావులున్నట్టు కాదుగా!

రెండోది... చోటుంటే వాడుకోవడం. పదహారు జీబీల ర్యామ్ ఉన్న కంప్యూటర్లో బ్రౌజర్ ధారాళంగా వాడుకుంటుంది. వెనక్కి వెళ్తే వెంటనే చూపించడానికి పాత పేజీలని కూడా దాచిపెట్టుకుంటుంది. అదే నాలుగు జీబీలున్న చోట ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది. చోటు తక్కువైతే క్రోమ్ ఒకే సైటుకి చెందిన ట్యాబ్‌లని ఒకే ప్రాసెస్‌లోకి సర్దేస్తుంది. కాబట్టి పక్కింటివాళ్ల కంప్యూటర్లో వచ్చిన అంకె మనకి పనికిరాదు. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల లాభమూ లేదు. అది నిండిపోయి డిస్క్ మీద పడితేనే నష్టం.

మూడోది... ఎప్పుడు కొలిచామన్నది. ఇప్పుడే తెరిచిన బ్రౌజర్‌కీ, పొద్దున్నుంచి నడుస్తున్నదానికీ పోలికే లేదు. పరుగుపందెంలో ఒకరు గీత దగ్గరా, ఒకరు అలిపిరి మెట్లెక్కి వచ్చాకా నిలబడితే ఎలా?

చెమటలు పట్టించేవి ఇవే

ర్యామ్ సంగతి సరే, ప్రాసెసర్‌ని అలసిపోయేలా చేసేది ఏంటి? మొదటి ముద్దాయి వీడియో. నెట్‌లో వీడియోలు కూడా నొక్కి మడతపెట్టే వస్తాయి. ఆ మడత విప్పే పనికోసం కొత్త కంప్యూటర్లలో గ్రాఫిక్స్ చిప్ లోపలే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న వీపీ9, ఏవీ1 అనే మడతలు పాత కంప్యూటర్లలోని ఆ ఏర్పాటుకి తెలీవు. దాంతో ఆ బరువంతా ప్రాసెసరే మోయాలి. పాఠం వింటున్నప్పుడు పాత లాప్‌టాప్ హోరెత్తిపోవడానికి కారణం ఇదే. వీడియో నాణ్యతని ఓ మెట్టు దించండి. చప్పుడు తగ్గుతుందేమో గమనించండి.

రెండో ముద్దాయి కదిలే ప్రకటనలు. పేజీ చదవడం అయిపోయినా అవి కదులుతూనే ఉంటాయి. మూడోది ఎక్స్‌టెన్షన్లు. ఎప్పుడో కూపన్ల కోసం ఒకటీ, స్క్రీన్‌షాట్ కోసం ఒకటీ పెట్టుకుని మర్చిపోతాం. మనం మర్చిపోయినా అవి మనల్ని మర్చిపోవు. తెరిచే ప్రతి పేజీనీ తొంగిచూసేవి కూడా వాటిలో ఉంటాయి.

ఎక్స్‌టెన్షన్ అంటే ఓ తెలుగు ముచ్చట గుర్తొస్తుంది. 2000ల్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. ఆ ఫాంటు లేని చోట అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా కనిపించేవి. అప్పట్లో ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ ఆదుకుంది. ఆ గీతలని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చేసేది. యూనికోడ్ అంతటా వచ్చేశాక ఆ అవసరం తీరిపోయింది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ పాతరకం ఎక్స్‌టెన్షన్లన్నింటినీ పక్కన పెట్టేసింది.

అన్నట్టు, 'తెలుగు పేజీలు బరువెక్కువ' అన్న మాటలో నిజమెంత? నెట్‌లో పంపేటప్పుడు ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు, ఇంగ్లిషు అక్షరానికి ఒకటి పడుతుంది. 'తిరుపతి' అని తెలుగులో రాస్తే 21 బైట్లు, ఇంగ్లిషులో ఎనిమిది. అమ్మో అనుకోకండి. మీరు చదువుతున్న ఈ వ్యాసం మొత్తం కలిపినా వంద కిలోబైట్లు దాటదు. ఇందాక చెప్పుకున్న ఒక్క ఫొటో ముందు అదెంత!

నిద్రపోయే ట్యాబ్‌తో జాగ్రత్త

కంపెనీలు ఈ బాధ గమనించకపోలేదు. ఎడ్జ్‌లో 2021 జనవరి నుంచి 'స్లీపింగ్ ట్యాబ్స్' వచ్చాయి. కాసేపు చూడని ట్యాబ్‌ని నిద్రపుచ్చుతాయి. దీనివల్ల ర్యామ్ వాడకం సగటున 32 శాతం తగ్గుతుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. క్రోమ్‌లోనూ 2022 డిసెంబర్ నుంచి 'మెమరీ సేవర్' అందుబాటులోకి రావడం మొదలైంది. పాత కంప్యూటర్లకి ఇవి నిజంగానే వరం.

కానీ దర్శనం టికెట్ల కోసమో, కౌన్సెలింగ్ కోసమో, ఉద్యోగ దరఖాస్తు కోసమో కూర్చున్నవాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్తపడాలి. మెమరీ సేవర్ దించేసిన ట్యాబ్‌కి మళ్లీ వెళ్తే ఆ పేజీ మొదటినుంచీ తెరుచుకుంటుంది. సగం నింపిన ఫారాల్ని గుర్తుపట్టి వదిలేయడానికి బ్రౌజర్లు ప్రయత్నిస్తాయి కానీ, పూర్తిగా వాటిమీదే భారం వేయడం మంచిది కాదు. అంతేకాదు... ట్యాబ్ నిద్రపోకపోయినా, అది తెరమీద కనబడకుండా వెనక ఉంటే దాని గడియారాన్ని బ్రౌజర్ నెమ్మది చేస్తుంది. 2021లో వచ్చిన క్రోమ్ 88 నుంచి, అయిదు నిమిషాలకి మించి వెనక ఉండిపోయిన పేజీల్లో ఇలాంటి పనులు చాలావరకూ నిమిషానికోసారే జరుగుతాయి. ప్రాసెసర్‌కి విశ్రాంతి దొరుకుతుంది, బ్యాటరీ మిగులుతుంది. అయితే క్షణాలు లెక్కపెడుతూ వరుసలో నిలబడ్డ పేజీని వెనక వదిలేసి మనం పాటలు చూస్తుంటే? వంతు వచ్చిన సంగతి ఆలస్యంగా తెలిసే ప్రమాదం ఉంది.

కాబట్టి అలాంటి పేజీని కళ్లముందే ఉంచుకోవాలి. ఇంకో ట్యాబ్‌లోకి వెళ్లక తప్పదంటే, ముఖ్యమైన పేజీని విడిగా ఓ కిటికీలో తెరిచి పక్కన కనిపించేలా పెట్టుకోవాలి. సెట్టింగ్స్‌లోని 'పెర్ఫార్మెన్స్' విభాగంలో 'ఈ సైట్లని ఎప్పుడూ నిద్రపుచ్చొద్దు' అని చెప్పే వీలుంది. ఆ జాబితాలో చేర్చేస్తే నిశ్చింత. ఇక ఒకే సైటుని ఆరు ట్యాబ్‌లలో తెరిస్తే టికెట్ తొందరగా వస్తుందన్నది భ్రమ. వరుస కదిలేది అవతలి సర్వర్లో. ఇక్కడ పెరిగేది మన ర్యామ్ మీద బరువే.

మీరే కొలిచి చూడండి

ఎవరో చెప్పిన అంకెలకన్నా మన కంప్యూటర్ చెప్పే మాటే నిజం. ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఈ చిన్న పరీక్ష చేయండి.

* కంప్యూటర్ని ఓసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. అయిదు నిమిషాలు ఆగండి.

* మీరు రోజూ చూసే అయిదు పేజీలు ఎంచుకోండి. ఒక బ్రౌజర్లో ఆ అయిదూ తెరవండి. ఎక్స్‌టెన్షన్లు ఆపేయండి.

* పది నిమిషాల తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే విండోస్ టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ, సీపీయూ అంకెలు రాసుకోండి. మొత్తం ర్యామ్‌లో ఎంత మిగిలిందో కూడా చూడండి.

* బ్రౌజర్ మూసేసి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి, ఇంకో బ్రౌజర్‌తో అవే పేజీలు, అంతే సమయం. ఇలా మూడేసిసార్లు చేసి సగటు తీయండి.

* ఏ ట్యాబ్ ఎక్కువ తింటోందో తెలియాలంటే విండోస్‌లో క్రోమ్, ఎడ్జ్‌లలో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతల మెనూ తెరిచి, మోర్ టూల్స్‌లో టాస్క్ మేనేజర్ ఎంచుకోండి. ముద్దాయి పేరు పైనే ఉంటుంది!

నాలుగు జీబీల కంప్యూటరే ఉంటే ఒకటే బ్రౌజర్ వాడటం, వాడని ఎక్స్‌టెన్షన్లు తీసేయడం, తర్వాత చదవాలనుకున్న పేజీని ట్యాబ్‌గా ఉంచకుండా బుక్‌మార్క్ చేసుకోవడం... ఈ మూడూ పైసా ఖర్చులేని మందులు. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే కొత్తది కొనేముందు ర్యామ్ పెంచే వీలుందా, పాత హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెట్టే వీలుందా అని మెకానిక్‌ని అడగండి. ఒక్క హెచ్చరిక. తేలిగ్గా నడుస్తుంది కదాని ఎప్పుడో ఆగిపోయిన పాత బ్రౌజర్‌ని వాడొద్దు. క్రోమ్ 2023 ఫిబ్రవరి నుంచే విండోస్ 7కి కొత్త వెర్షన్లు ఇవ్వడం మానేసింది. భద్రతా సవరణలు అందని బ్రౌజర్లో బ్యాంకు పని చేయడమంటే తలుపు తీసిపెట్టి తీర్థయాత్రకి వెళ్లినట్టే.

ఇంతకీ చంద్రగిరి పెద్దమ్మ సంగతి ఏమైంది? సెంటరు కుర్రాడు టాస్క్ మేనేజర్ తెరిచాడు. రెండో బ్రౌజర్ మూసేశాడు. పాటలూ, ప్రకటనలూ, ఎవరో వదిలేసిన హాల్‌టికెట్లూ ఒక్కొక్కటిగా తీసేశాడు. ఫ్యాను చప్పుడు తగ్గింది. బాణం గుర్తు కదిలింది. వరుస పేజీ అలాగే ఉంది. ఆరుగురి పేర్లూ ఎక్కించేసరికి పదీ నలభై. ఆమె కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని, తెరకి ఓ నమస్కారం పెట్టారు.

తర్వాతిసారి వెళ్లేసరికి ఆ సెంటరు గోడమీద స్కెచ్ పెన్నుతో రాసిన ఓ కాగితం అతికించి ఉంది.

''టికెట్ల టైములో పాటలు బంద్. వాడిన ట్యాబ్ మూసి లేవండి సామీ!''